కారు కుదుపు, గృహస్థుని వ్యయము

తెలుగునాట పట్టణమేదైనను, ఇంటి వాకిలి దాటి ప్రధాన మార్గమును చేరులోపల కారు ఎన్ని గోతులలో దిగి ఎన్ని స్పీడు బ్రేకరుల నెక్కవలసి యుండునో దినదినము కారు నడుపువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 1988 నాటి తమ 99వ సంఖ్య గల నియమావళిలో, స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పును 10 సెంటీమీటర్ల ఎత్తును కలిగి, గంటకు 25 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి సుఖముగ దాటిపోవునట్లు గుండ్రని వంపుతో నుండవలెనని నిర్దేశించి యున్నారు. కాని కాలనీ వీధులలో ఎవరికి తోచినట్లు వారు సిమెంటుతో పోయించు దిబ్బలకు ఈ కొలతలతో ఎట్టి సంబంధమును కానరాదు. ఇట్టి మార్గములపై ఏడెనిమిదేండ్లు నడచిన కారు క్రమముగ బిగువు సడలి, చిన్న గోతికే పెద్ద చప్పుడు చేయుచు, మలుపులందు ఊగుచు, వెనుక సీటులో కూర్చున్న పెద్దలకు నడుము నొప్పి కలిగించు స్థితికి వచ్చును. అప్పుడు గృహస్థు సస్పెన్షనును మెరుగుపరుపవలెనని సంకల్పించి, కూడబెట్టిన కొద్ది వేల రూపాయలతో బయలుదేరును.

ఆ సొమ్మును ఎక్కడ పెట్టవలెనన్నదే నేటి విచారము. నా నిశ్చయమును ముందుగనే మనవి చేయుదును. పరిమిత ధనము గలవాడు కారునకు లేని గుణమును కొనబూనుటకు ముందు, కారు పోగొట్టుకొన్న గుణమును మరల తెచ్చుకొనవలెను. దుకాణముల అద్దాల వెనుక మెరయు రంగురంగుల స్ప్రింగులకంటె, కారు క్రింద ఎవరి కంటను పడక పగిలియున్న రబ్బరు ముక్కలే అతని ధనమునకు మొదటి హక్కుదారులు.

మాట విశదమగుటకై ఒక కారును ఉదాహరణముగ గైకొందము. మన వీధులలో విస్తారముగ తిరుగు మారుతి స్విఫ్టు కారునకు ముందు చక్రముల వద్ద మెక్‌ఫర్సన్ స్ట్రట్లును, వెనుక టార్షన్ బీమును ఉండును. అమెరికా దేశీయుడగు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను ఇంజనీరు రూపొందించిన ఈ స్ట్రట్టు 1950లో ఇంగ్లండులో వెలువడిన ఫోర్డు కాన్సల్ కారులో ప్రవేశించి, అల్పవ్యయముతో అల్పస్థలములో ఇముడుటచే క్రమముగ లోకమందలి చిన్న కార్లలో పెక్కింటికి ఆధారమైనది. ఇందులో స్ప్రింగు కారు బరువును మోయుచు, గోతి యొక్క తాకిడిని తనలో నిలువచేయును. ఆ స్ప్రింగు ఆగకుండ ఎగసి పడకుండునట్లు షాక్ అబ్జార్బరు తనలోని నూనెను సన్నని కవాటముల గుండ నెట్టి, ఆ శక్తిని వేడిమిగ మార్చి వెలికి పంపును. స్ప్రింగులు సామాన్యముగ దీర్ఘకాలము నిలుచును. అరిగిపోవునది షాక్ అబ్జార్బరును, దానిని చుట్టియున్న రబ్బరును.

అన్నిటికంటె ముందు టైరును చూడవలెను. ఏలయన గోతిని మొట్టమొదట తాకు స్ప్రింగు అదియే. టైరు ప్రక్కగోడపై నాలుగంకెల సంఖ్య యొకటి ముద్రింపబడి యుండును. 2319 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని అర్థము. పైకి గీతలు లోతుగ నున్నను, ఏండ్లు గడచి రబ్బరు గట్టిపడిన టైరు ప్రతి గులకరాతిని లోపలికి చేరవేయును. ఇక గాలి సంగతి: ఏ కారునకు ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు ప్రక్క స్తంభముపై చీటీ అతికించి యుండగ, పెట్రోలు బంకులో గాలి పట్టు కుర్రవాడు కార్లన్నిటికిని ఒకే అంకెను పెట్టుట మనకు పరిపాటి. సస్పెన్షను చెడిపోయినదని వచ్చు కార్లలో కొన్ని, గాలిని ఆ చీటీలోని అంకెకు దింపినంతనే సగము స్వస్థత పొందును. దీనికి వ్యయమే లేదు.

ఈ సందర్భముననే పెద్ద అల్లాయ్ చక్రముల వ్యామోహమును గూర్చి కూడ చెప్పవలసి యున్నది. స్విఫ్టు యొక్క సాధారణ తరగతులకు కంపెనీవారు చాలకాలము ఇచ్చుచు వచ్చిన టైరు 165/80 ఆర్14. దాని ప్రక్కగోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. పై తరగతికి ఇచ్చిన 185/65 ఆర్15లో అది సుమారు 120 మిల్లీమీటర్లు. అందము కొరకు 205/45 కొలతతో 17 అంగుళముల చక్రమును బిగించినచో ఆ ఎత్తు 92 మిల్లీమీటర్లకు దిగిపోవును. చక్రము యొక్క మొత్తము వ్యాసము ఇంచుమించుగ మారదు. మారునది గోతికిని లోహపు రిమ్ముకును నడుమ నున్న రబ్బరు మాత్రమే, అందు నాలుగు సెంటీమీటర్లు హరించిపోవును. వర్షాకాలమున నీరు నిండి లోతు తెలియని గోతిలో పడినప్పుడు రిమ్ము వంగునో, టైరు ప్రక్క ఉబ్బి చీలునో ఆ నాలుగు సెంటీమీటర్లే తేల్చును. సుఖము కొరకు సస్పెన్షనును మెరుగుపరచుకొందునను సంకల్పముతో బయలుదేరి, ఉన్న ధనమును ఈ చక్రములపై వెచ్చించువాడు తన సంకల్పమునకు తానే విరోధి యగుచున్నాడు.

టైరు పిమ్మట రబ్బరు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ లింకులు, స్ట్రట్టు పైభాగమున నుండు మౌంటు, బంప్ స్టాపరు, బాల్ జాయింటు అనునవి వేరువేరుగ స్వల్పవస్తువులే. కాని నాకు తెలిసినంతలో ‘షాక్ అబ్జార్బర్లు పోయినవి’ అని నిర్ధారింపబడు చప్పుళ్లలో పెక్కింటికి మూలము వీనియందే యుండును. గతుకుల మార్గమున టకటక మను చప్పుడు తరచుగ స్టెబిలైజర్ లింకుది. నిలిచియున్న కారులో స్టీరింగు త్రిప్పునప్పుడు ఉలికిపడినట్లు వచ్చు శబ్దము తరచుగ స్ట్రట్ మౌంటుది. బ్రేకు వేసినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగుచు ‘ధడ్’మని తగులుట లోయర్ ఆర్మ్ బుష్ చీలినదనుటకు ఒక చిహ్నము. కారును పైకెత్తించి, దీపము పట్టి, మెకానిక్కుచే ఇనుప కడ్డీతో ఒక్కొక్క కీలును కదిలించి చూపించుకొనకుండ ఏ వస్తువును కొనరాదు. ఈ పరీక్షకు అరగంట చాలును. దీనికి విసుగుకొను వర్క్‌షాపులో సస్పెన్షను పని చేయింపకుండుటయే మేలు.

ఈ రబ్బరు బుష్‌ల విషయమున మన వర్క్‌షాపులలో మిక్కిలిగ ఉపేక్షింపబడుచున్న నియమ మొకటి కలదు. దానిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని నా కోరిక. బుష్‌లోని రబ్బరు లోపలి లోహపు గొట్టమునకు అతుకబడి యుండి, చక్రము లేచి పడునప్పుడు తాను మెలిదిరుగుచు పనిచేయును. కారు పైకెత్తబడి చక్రములు వ్రేలాడుచున్న సమయమున బోల్టులను తుదిగ బిగించినయెడల, ఆ వ్రేలాడు స్థితియే రబ్బరునకు సహజస్థితిగ స్థిరపడి, కారు నేలకు దిగినంతనే అది మెలివడి, ఆ మెలికలోనే దినములు గడపి, ఏండ్లు నిలువవలసినది నెలలలో చీలిపోవును. కావున బోల్టులను వదులుగ నుంచి, కారు బరువు చక్రములపై నిలిచిన పిమ్మటనే తుది బిగింపు చేయవలెను. కొత్త బుష్‌లు త్వరగ పోయినవని కంపెనీని నిందించుటకు ముందు, అవి ఏ స్థితిలో బిగింపబడినవో విచారింపవలెను. ఇందుకు అదనపు వ్యయ మేమియు లేదు; కావలసినది మెకానిక్కు యొక్క శ్రద్ధ, యజమాని యొక్క ఎరుక.

పాలియురీథేను బుష్‌లు ఎక్కువకాలము మన్నునని వానిని సూచించువా రున్నారు. అవి గట్టివి, మన్నికగలవి, నిజమే. కాని రోడ్డు యొక్క గరగరనంతయు లోనికి తెచ్చును, కొన్నిటికి మరల మరల గ్రీజు పెట్టవలసి వచ్చును. ఉదయము బడికి పిల్లలను, సాయంకాలము అంగడికి ఇల్లాలిని తీసికొనిపోవు కారునకు కంపెనీ రబ్బరే తగినది.

ఇవి సరియైన పిమ్మట షాక్ అబ్జార్బర్ల వంతు. వానిపై నూనె కారిన జాడ స్పష్టముగ నున్నను, గోతి దాటిన పిమ్మటను కారు రెండు మూడు మారులు ఊగుచున్నను, టైరు ఉపరితలము అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగినను మార్చుట అవసరము. ముందువి రెండును ఒకేసారి, వెనుకవి రెండును ఒకేసారి మార్చవలెను గాని, ఒక ప్రక్క మాత్రమే మార్చుట క్షేమము కాదు. స్ట్రట్టును విప్పిన సమయముననే మౌంటు, బేరింగు, బంప్ స్టాపరు, డస్ట్ కవరు కొత్తవి వేయించినచో, అదే కూలికి రెండు పనులు నెరవేరును. ఏ షాక్ అబ్జార్బరును కొనవలెనన్న ప్రశ్నకు నా సమాధానము ఉత్సాహవంతులకు రుచింపకపోవచ్చును. బిల్‌స్టైన్, కోని వంటి విదేశీ పేర్లు గొప్పవే. రోజువారీ కారునకు, పరిమిత ధనమునకు అవి అక్కరలేదు. కార్ల కంపెనీలకే సరఫరా చేయు సంస్థల సరకు చాలును; 1961లో స్థాపితమైన గేబ్రియల్ ఇండియా అట్టి వానిలో నొకటి. నూనె మాత్రమే గల రకమునకును గ్యాసు నింపిన రకమునకును ధరలో భేదము స్వల్పమైనచో గ్యాసు రకమును కోరవచ్చును. గతుకుల మార్గమున ఎడతెగక పనిచేయునప్పుడు నూనెలో నురుగు పుట్టి పట్టు తప్పకుండ ఆ వాయువు కాపాడును. వస్తువు ఎచ్చట కొన్నను, విజయవాడ ఆటోనగరులో నైనను హైదరాబాదు వీధి దుకాణములో నైనను, బిల్లును అడిగి తీసికొనవలెను. నకిలీ సరకు తరచుగ బిల్లుతో రాదు. తుదకు వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి. అది లేనిచో చేసిన వ్యయమంతయు కొత్త టైర్ల అరుగుదలలో కరిగిపోవును.

స్ప్రింగుల మార్పు జోలికి పోవలదని నా దృఢాభిప్రాయము. యువకులు కొందరు కారును నేలకు దించుటకై స్ప్రింగును ఒకటి రెండు చుట్లు కోయింతురు. చుట్లు తగ్గిన స్ప్రింగు మరింత గట్టిదగును, చక్రము లేచుటకు చోటు తగ్గును, ప్రతి గోతికి బంప్ స్టాపరు తగులును, చక్రము పూర్తిగ వ్రేలాడినప్పుడు స్ప్రింగు తన పీఠము నుండి జారు అపాయమును కలదు. మరికొందరు పెద్దలు దీనికి విపరీతముగ, స్పీడు బ్రేకరులకు క్రిందిభాగము తగులుచున్నదని స్ప్రింగు చుట్ల నడుమ రబ్బరు ముక్కలను ఇరికింతురు. వెల స్వల్పము, కారు కొంచెము లేచి కనబడును. కాని ఇరికించిన చోట చుట్టు పనిచేయుట మాని, మిగిలిన చుట్లపై భారమంతయు పడి, స్ప్రింగు గట్టిపడును, షాక్ అబ్జార్బరేమో పాత బిగువుకే అమర్చబడి యుండును. ముందు స్ప్రింగులకును వెనుక స్ప్రింగులకును నడుమ ఒక పొందిక కలదన్న సంగతియు వీరు మరతురు. రోల్స్ రాయిస్ నుండి జనరల్ మోటార్సునకు 1930లో వచ్చిన మారిస్ ఓలీ అను ఇంజనీరు పరిశోధించి తేల్చిన దేమనగా, ముందు చక్రములు గతుకును ముందుగ తాకును గనుక, వెనుక భాగము యొక్క ఊపు ముందుదానికంటె కొంచెము వేగముగ నున్నప్పుడే రెండును త్వరలో కలిసి, ప్రయాణికుడు ముందు వెనుకలుగ ఊగకుండ సమముగ సాగును. ఆ లెక్కతో కంపెనీవారు అమర్చిన పొందికను ఒక రబ్బరు ముక్కతో చెరచుట వివేకము కాదు.

చట్టమును గూడ తలపవలెను. 1988 మోటారు వాహనముల చట్టమునందలి 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019లో సర్వోన్నత న్యాయస్థానము ఈ సెక్షనును గట్టిగనే వ్యాఖ్యానించినది. అరిగిన షాక్ అబ్జార్బరును అదే కొలత గలదానితో మార్చుట మరమ్మత్తు మాత్రమే. కారు ఎత్తును మార్చుట వేరు మాట.

ఒక్క సందర్భమున మాత్రము వెనుక స్ప్రింగుల మార్పు సమంజసము. తరువాత అమర్చిన సి.ఎన్.జి. సిలిండరు డిక్కీలో శాశ్వతముగ కూర్చున్నప్పుడు, లేదా దినమును ఐదుగురితో, సామానుతో నడుచు కారు వెనుక చతికిలపడినప్పుడు, అదే కారు యొక్క బరువైన తరగతికి కంపెనీవారు వాడు స్ప్రింగులను వేయించుట తగును.

ఇంత చెప్పినను, కారు క్రిందిభాగమును ఎవరు చూచుచున్నారు అను ప్రశ్న మిగిలియున్నది. మన దేశమున సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్ల వరకు చెల్లును. ఆ పదునైదేండ్లలో ఆ కారు సస్పెన్షనును ప్రభుత్వము పక్షమున ఒక్కమారైనను ఎవరును పరీక్షింపరు. బ్రిటనులో మూడేండ్లు నిండినది మొదలు ప్రతి సంవత్సరమును, జపానులో మూడేండ్లకు మొదటిమారును ఆపై రెండేండ్లకొకమారును సొంత కార్లకు సైతము పరీక్ష జరుగుచున్నది. సస్పెన్షను చెడిన కారు తన యజమాని నడుమునకే కాక, తడిసిన మార్గమున బ్రేకు వేసినప్పుడు ఎదుటివాని ప్రాణమునకును అపాయకరము. చక్రము నేలను విడిచి ఎగురునంతసేపు ఆ బ్రేకునకు బలములేదు. రవాణా వాహనముల కొరకు యంత్ర పరీక్షా కేంద్రములు ఏర్పడుచున్న ఈ సమయముననే, ఏడేండ్లు దాటిన సొంత కార్లకు గూడ, దండనలేమియు లేకుండ, స్వల్ప రుసుముతో, కారు క్రిందిభాగమును చూచి లోపములను కాగితముపై వ్రాసి యిచ్చు ఏర్పాటును రెండు తెలుగు రాష్ట్రముల రవాణాశాఖలు ఆ కేంద్రములలోనే ప్రారంభింపవలెనని కోరుచున్నాను.