కరెంటు షాక్‌తో బేరింగు ఉక్కు బాగుపడుతుందా? ముందు తిప్పి చూడండి

కరెంటుకూ బేరింగుకూ పడదని మోటార్లు బాగుచేసే ఏ షాపులో అడిగినా చెబుతారు. డ్రైవ్‌తో వేగం మార్చుకుంటూ నడిపే పెద్ద మోటారును విప్పితే, కొన్నిసార్లు బేరింగు రింగులో బంతులు దొర్లే దారి మీద ముడతల రేకులాగా వరసగా అడ్డగీతలు కనిపిస్తాయి. షాఫ్టులోకి చేరిన కరెంటు, బంతుల కింద ఉన్న పల్చటి నూనె పొరను దాటుకుంటూ చిన్న చిన్న మెరుపులుగా దూకిన గుర్తులవి. దూకిన ప్రతిచోటా ఉక్కు కాస్త కరిగి గుంట పడుతుంది. గుంటలు పెరిగి గీతలు కట్టాయంటే మోటారు గోల మొదలుపెడుతుంది. ఈ బాధ లేకుండా కొన్ని మోటార్లలో సిలికాన్ నైట్రైడ్ అనే సిరామిక్‌తో చేసిన బంతులు వాడతారు. ఎలక్ట్రిక్ వాహనాలు పెరిగేకొద్దీ ఈ సమస్య గురించి ఇంకా ఎక్కువగా వింటున్నాం.

అలాంటిది, అదే ఉక్కు గుండా కావాలనే భారీ కరెంటును క్షణకాలం పంపిస్తే దాని గుణాలు మెరుగవుతాయంటూ కొన్నేళ్లుగా పరిశోధన పత్రాలు వస్తున్నాయి, ముఖ్యంగా చైనా నుంచి. కొన్ని నెలల కిందట వాటిలో కొన్ని చదివి నేనో వ్యాసం సిద్ధం చేసుకున్నాను. ‘ఒక్క షాక్‌తో ఉక్కుకు కొత్త బలం’ అని శీర్షిక కూడా పెట్టేశాను. పంపేముందు, ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసే ఒక ఇంజనీరుకు చూపించాను. ఆయన ఓపిగ్గా చివరిదాకా చదివి ఒకటే అడిగారు: “బాగుంది. ఎన్ని బేరింగులు తిప్పి చూశారండీ?” నా దగ్గర జవాబు లేదు. ఆ వ్యాసం పక్కన పెట్టేశాను. దాని బదులు ఇది రాస్తున్నాను.

బేరింగుల ఉక్కు కొత్తదేం కాదు. సుమారు 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం ఉండే ఈ రకాన్ని వందేళ్లకు పైగా వాడుతున్నారు. మన వర్క్‌షాపుల్లో ఈఎన్31 అంటే చాలామందికి తెలుస్తుంది. దీనికి పదును పెట్టే పద్ధతి కమ్మరి కొలిమిలో జరిగేదానికి దగ్గరి చుట్టమే. సుమారు 850 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి నూనెలో ముంచుతారు. అప్పుడు ఉక్కు మార్టెన్‌సైట్ అనే చాలా గట్టి రూపంలోకి మారుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసుతనం తగ్గించడానికి మళ్లీ 150 నుంచి 180 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఉంచుతారు. ఇదంతా చేసినా కొంత ఆస్టెనైట్ మారకుండా లోపలే మిగిలిపోతుంది. అది తర్వాతెప్పుడో, బేరింగు పనిలో ఉండగా మారితే కొలతలు తేడా వస్తాయి. ఇక పదును పెట్టడానికి ముందు, ఉక్కు కోతకు లొంగేలా అందులోని కార్బైడ్‌లను గుండ్రటి గుళికలుగా మార్చే పని వేరే ఉంది. దానికి కొలిమిలో చాలా గంటలు పడుతుంది. అంటే ఖర్చయ్యేది ఇంధనమూ, సమయమూ. కరెంటు పద్ధతి మీద ఆశ పుట్టేది ఇక్కడే.

ఎంత కరెంటు? ప్రతి చదరపు మిల్లీమీటరుకు 100 ఆంపియర్లు అనుకుందాం. మన ఇళ్ల గోడల్లోని రాగి తీగ మోసేదానికి ఇది దాదాపు పది రెట్లు. ఉక్కు నిరోధం రాగి కన్నా పది రెట్లకు పైనే కాబట్టి అది సెకనుకు 500 డిగ్రీలకు తక్కువ కాకుండా వేడెక్కుతుంది. ఎమ్మెస్సీలో నేర్చుకున్న లెక్కతోనే తేలిపోతుంది, ప్రయోగశాల అక్కర్లేదు. కరెంటును పది రెట్లు పెంచితే వేడి వంద రెట్లు పెరుగుతుంది. అప్పుడు సెకనులో వెయ్యో వంతు చాలు, 50 డిగ్రీలు పెరగడానికి. ఏ కొలిమీ ఇంత వేగంగా, పైగా లోహం లోపలి నుంచే, వేడి పుట్టించలేదు. ఈ వేగం వల్ల స్ఫటిక రేణువులు పెరిగేంత వ్యవధి దొరకదు. రేణువులు చిన్నగా ఉండిపోతే ఉక్కు గట్టిగానూ ఉంటుంది, త్వరగా పగలదు కూడా.

ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ‘వేడి కాక ఇంకేమైనా ఉందా?’ అన్న దగ్గర. 1960లలో సోవియట్ శాస్త్రవేత్త ట్రోయిట్‌స్కీ జింకు స్ఫటికాలతో చేసిన పనితో ఈ చర్చ ఊపందుకుంది. పరుగెత్తే ఎలక్ట్రాన్లు, స్ఫటికంలో పరమాణు వరసలు తప్పిన చోట్లను, అంటే డిస్‌లొకేషన్లను, గాలి ఆకుల్ని తోసినట్టు తోస్తాయని ఒక వాదన. ఆ తోపుడు ఊహ కాదు. కంప్యూటర్ చిప్పుల్లోని సన్నటి లోహపు గీతలు కాలక్రమంలో తెగిపోయేది దానివల్లే. కాకపోతే అక్కడ కరెంటు సాంద్రత చదరపు మిల్లీమీటరుకు పదివేల ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది, నెలలు, ఏళ్లు ప్రవహిస్తుంది. అందులో వందో వంతు కరెంటు, అదీ రెప్పపాటు కాలం వెళ్లి ఉక్కులో అంత పని చేసిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. అలాగని కొట్టిపారేయలేను. టైటానియం-అల్యూమినియం మిశ్రలోహం మీద బర్క్‌లీ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, పల్సులుగా పంపిన కరెంటు డిస్‌లొకేషన్ల కదలిక తీరునే మార్చింది. అది వేడి ఒక్కదానితో తేలే లెక్క కాదని వాళ్లు వాదించారు. అయితే అది టైటానియం. ఉక్కులో కూడా అంతే జరగాలని లేదు.

అసలు నా అభిప్రాయం ఏమిటంటే, అంతా వేడి మహిమే అని తేలినా సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇండక్షన్ హార్డెనింగ్ 1930ల నుంచి పరిశ్రమలో ఉంది. అది పూర్తిగా వేడితోనే పనిచేస్తుంది, ఎవరూ చిన్నచూపు చూడలేదు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో లోహపు పొడిని కరెంటుతో వేడిచేసి, నొక్కి ముద్దకట్టించే యంత్రం ఉంది. ఆ పద్ధతి పేరు స్పార్క్ ప్లాస్మా సింటరింగ్. పేరులో స్పార్కు, ప్లాస్మా రెండూ ఉన్నాయి గానీ, లోపల నిజంగా అవి పుడతాయా లేదా అని చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఈలోగా యంత్రం పని యంత్రం చేసుకుపోతోంది.

నాకు ఇబ్బందిగా ఉన్నది రుజువుల సంగతి. చాలా పత్రాలు చిన్న నమూనాల గట్టిదనం కొలిచి, లాగి తెంచి, సూక్ష్మదర్శినిలో చూసి ఆగిపోతాయి. నమూనా సన్నటి కడ్డీ అయితే కరెంటు సమంగా వెళుతుంది. బంతి గుండా పంపాలంటే? తాకిన చోట కిక్కిరిసి, మధ్యలో పల్చబడుతుంది. రింగుకు రెండు వైపులా తాకిస్తే రెండు పాయలుగా చీలుతుంది. తాకిన చోట కొంచెం వదులున్నా అక్కడ నిప్పురవ్వ లేస్తుంది. మళ్లీ మొదట చెప్పిన గుంటల దగ్గరికే వచ్చాం! పైగా వంద చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు రింగుకే పదివేల ఆంపియర్లు కావాలి.

బేరింగు ఆయువు ఒక్క నమూనాతో తేలేదీ కాదు. ఒకే రోజు, ఒకే ఉక్కుతో చేసిన బేరింగుల్లో ఒకటి త్వరగా పోతుంది, ఇంకొకటి దానికి ఎన్నో రెట్లు నడుస్తుంది. అందుకే వీబుల్ గణాంక పద్ధతిని ఆధారం చేసుకుని స్వీడన్‌కు చెందిన లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ 1947లో వేసిన లెక్క ఇప్పటికీ పునాది: వందలో తొంభై బేరింగులు ఎన్ని చుట్లు నిలుస్తాయో అదే ఆయువు. నిమిషానికి 1,500 చుట్ల చొప్పున ఒక బేరింగును 10 కోట్ల చుట్లు తిప్పాలంటే ఆపకుండా 46 రోజులు. అలాంటివి కరెంటు పెట్టినవి కొన్ని, పెట్టనివి కొన్ని, కొలిమిలో గానీ ఇండక్షన్‌తో గానీ వీలైనంత దగ్గరగా అదే వేడి చూపించినవి ఇంకొన్ని కావాలి. ఈ మూడో గుంపు లేకుండా ‘కరెంటు ప్రభావం’ అనే మాట వాడకూడదని నేనంటాను.

గత శతాబ్దం రెండో సగంలో బేరింగుల ఆయువు బాగా పెరిగింది ఉక్కును శుభ్రం చేయడం వల్ల. శూన్యంలో వాయువులు లాగేసి ఆక్సిజన్‌ను పది లక్షల్లో పది వంతుల కన్నా కిందికి తెచ్చారు. పగుళ్లకు పురుడు పోసే ఆక్సైడ్ నలకలు తగ్గాయి. దాని మీద ఎవరూ ఉత్సాహంగా శీర్షికలు పెట్టిన గుర్తు లేదు.

మన దగ్గర ఇలాంటి ప్రాజెక్టులకు డబ్బిచ్చే సంస్థలు ఆ 46 రోజుల ఖర్చును ప్రతిపాదనలోనే అడగాలి. పరిశోధక విద్యార్థికి మూడేళ్ల ఫెలోషిప్పులో పత్రం త్వరగా రావాలనే ఒత్తిడి ఉంటుంది. తిప్పే యంత్రం అతని ల్యాబులో ఉండదు, అది బేరింగు కంపెనీ దగ్గర ఉంటుంది. ఆ కంపెనీ తన ఫలితాలు బయటపెట్టదు. ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టడం ఆ డబ్బిచ్చేవాళ్లకే సాధ్యం. ఆయువు పెరగలేదని తేలితే, అదీ అచ్చవ్వాలని షరతు పెట్టొచ్చు.

ఇంజనీరు గారికి మొన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయనకు బాగా నచ్చింది మూడో గుంపు ఆలోచన. “ఆ రిజల్టు వస్తే నాకు పంపండి, శీర్షిక లేకపోయినా పర్లేదు” అన్నారు.