ఒక్క మెతుకు చాలా?

మా అమ్మాయి పన్నెండో తరగతి. సీబీఎస్ఈలో అప్లైడ్ మ్యాథమెటిక్స్ తీసుకుంది. 2020-21లో మొదలైన సబ్జెక్టు అది. అందులో ఇన్ఫరెన్షియల్ స్టాటిస్టిక్స్ అని ఒక పాఠం ఉంది. కొంతమందిని చూసి, అందరి గురించీ ఎంతవరకు చెప్పొచ్చో నేర్పే పాఠం.

మొన్న రాత్రి వంటిల్లు సర్దేసి వచ్చి దాని పక్కన కూర్చున్నాను. టీ-టెస్ట్ లెక్క చకచకా చేసేసి, చివర్న ‘నల్ హైపోథెసిస్‌ను తిరస్కరిస్తున్నాం’ అని రాసి కింద గీత గీసింది.

“దేన్ని తిరస్కరించావే?” అన్నాను.

“అదేనమ్మా, నల్ హైపోథెసిస్‌ని.”

“అంటే?”

“అంటే... టేబుల్లో ఉన్నదాని కన్నా నాకొచ్చిన సంఖ్య పెద్దది.”

“తెలుగులో చెప్పు.”

నా మొహంలోకి ఓ క్షణం చూసి, “ఇలా రాస్తే ఫుల్ మార్కులమ్మా” అంది.

నేను బీఏ తెలుగు. లెక్కల తలుపు నాకు పదో తరగతితోనే మూసుకుపోయింది. నిజానికి మూసింది నేను కాదు. మా అక్క పదిలో లెక్కలు తప్పింది. “అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు, మనింటి ఆడపిల్లలకి లెక్కలు అబ్బవు” అన్నారు నాన్న. నాకు మంచి మార్కులే వచ్చినా ఇంటర్లో హెచ్ఈసీలో చేర్పించారు. తెలుగు చదివినందుకు నాకు విచారం లేదు, ఇష్టంగానే చదివాను. కానీ నన్ను పట్టుకు చూడకుండానే ఉడకలేదని తేల్చేశారే అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి ఈ సంగతి మా అమ్మాయికి చెప్పాను. అది పెన్ను పక్కన పెట్టేసింది.

“మెతుకులన్నీ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కదమ్మా. నువ్వూ పెద్దమ్మా ఒకే గిన్నె ఎలా అవుతారు? అసలు ఒక్కరితో ఈ లెక్కే కుదరదు. ఎంతమందిని చూశామో అందులోంచి ఒకటి తీసేసి భాగించాలి. ఒక్కర్నే చూస్తే మిగిలేది సున్నా. సున్నాతో భాగించలేం!”

ముప్పై ఏళ్ల తర్వాత నా తరఫున ఒకరు వాదించారు. అదీ లెక్కలతో.

ఇక నా వంతు. “నిప్పు లేనిదే పొగ రాదు అంటారు కదా, నీ టీ-టెస్ట్ ఏమంటుంది?” అని అడిగాను. కాస్త ఆలోచించి, తడుముకుంటూ చెప్పింది. ముందు నిప్పు లేదనే అనుకోవాలట. నిప్పు లేకుండానే ఇంత పొగ కనబడే అవకాశం ఎంతో లెక్క కట్టాలట. ఆ అవకాశం మరీ తక్కువైతేనే ‘నిప్పు లేదు’ అన్న మాటని తిరస్కరించాలి. అదే నల్ హైపోథెసిస్! నూటికి ఐదు అని గీత పెట్టుకుంటే, నిప్పు లేని కొండలు వంద చూసినప్పుడు సుమారు ఐదింటి విషయంలో ఊరికే ‘మంట, మంట’ అని అరుస్తామన్నమాట. తిరస్కరించలేకపోతే నిప్పు లేదని రుజువైనట్టూ కాదు, మన దగ్గరున్న ఆధారం చాలలేదని మాత్రమే.

చెప్పేసి అదే ఆశ్చర్యపోయింది. “అమ్మా, ఇదా దీనర్థం!” అంది. నాకు మాత్రం మా అపార్ట్‌మెంట్లో ఆలస్యంగా ఇంటికొచ్చే ఆడపిల్లల మీద మనం వాడే ఆ సామెత గుర్తొచ్చి తల దించుకోవాలనిపించింది. మనం మొదలుపెట్టడమే నిప్పుందని మొదలుపెడతాం కదూ?

ఈ పాఠానికి ఒక ప్రాజెక్టు కూడా ఇచ్చారు. మేముండేది అశోక్‌నగర్. ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలకి మా వీధుల్లో కొదవేముంది? ఎన్నేళ్లుగా చదువుతున్నారో అడుగుదామని, ఓ ఆదివారం సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. టీ బండి దగ్గర ఒకబ్బాయి ఓపిగ్గా జవాబు చెప్పి, “అక్కా, ఈడున్నోళ్లనే అడుగుతున్నరు. ఇడిసిపెట్టి ఊరికి పోయినోళ్లని ఎట్ల అడుగుతరు?” అన్నాడు. పుస్తకంలో నాలుగు పేజీలు చెప్పేదాన్ని ఒక్క ముక్కలో చెప్పేశాడు. తిరిగొస్తుంటే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చూశాను. అన్నీ ర్యాంకులొచ్చిన మొహాలే. ఎంతమంది రాస్తే వీళ్లకొచ్చాయో ఎక్కడా లేదు.

ఆ అబ్బాయి మాట గురించి నారాయణగూడలో ట్యూషన్ చెప్పే సార్‌ని అడిగిందట. “అది పరీక్షకి రాదు” అన్నారట. అక్కడే నాకు కోపమొచ్చింది.

మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు గారి సంగతి వినే ఉంటారు. 1944లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచాడు. చాలా పెద్ద శాంపుల్‌కి చెప్పిన సూత్రం, మన చేతిలో ఉండే చిన్న శాంపుల్‌కి ఏమవుతుందని అడిగాడు. ఆయన ఆ రాత్రే కూర్చుని రుజువు చేశారు. 1945లో అచ్చయింది. ఎంత తెలివైన పద్ధతి వాడినా అంచనాలో తప్పు ఒక హద్దు కన్నా తగ్గదని చెప్పే ఆ ఫలితాన్ని ప్రపంచమంతా క్రామర్-రావు పేరుతో చదువుకుంటోంది. ‘అది పరీక్షకి రాదు’ అని ఆయన అనుంటే? 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనె దీపం వెలిగించిన తల్లి లక్ష్మీకాంతమ్మ గారిని ఆయన తన పుస్తకంలో తలుచుకున్నారు.

నేననేది ఒకటే. ఈ పాఠంలో పది లెక్కలు తగ్గించినా పర్వాలేదు. ప్రతి లెక్క కిందా ‘దీనర్థమేంటో నీ సొంత భాషలో రాయి’ అని అడగండి, దానికీ మార్కులివ్వండి. కామర్స్ పిల్లలకే కాదు, నాలా తెలుగు చదివేవాళ్లకీ ఇది చెప్పండి. ఎందుకంటే తీర్పులు చెప్పేది లెక్కలొచ్చినవాళ్లు మాత్రమే కాదు. ఎంతమందిని చూశారు, ఎవరిని వదిలేశారు, ఊరికే అలా జరిగే అవకాశం ఎంత? ఈ మూడూ అడగడానికి టేబుల్ అక్కర్లేదు.

మా అమ్మాయి డిగ్రీకి వేరే ఊరు వెళ్తానంటోంది. హాస్టల్లో ఉండి చదువు పాడుచేసుకున్న ఓ బంధువులమ్మాయిని తలుచుకుని మావారు వెనకాడుతున్నారు.

“ఒక్క మెతుకండీ” అన్నాను నిన్న, కాఫీ ఇస్తూ.

ఆయన ఏమీ అనలేదు. ఆయన మౌనం నుంచి నేనూ ఇప్పుడే ఏదీ తేల్చెయ్యదలుచుకోలేదు.