చీటి పోయిన యినుము

విత్తనపు సంచిపై చీటిని పదిమారులు చదువు రైతే, ఇల్లు కట్టునపుడు సిమెంటు బస్తాపై ప్రమాణ ముద్రను మాత్రము చూచి తృప్తిపడుచున్నాడు. ఆ ముద్ర కర్మాగారపు గుమ్మము వరకే సాక్షి. పిదప బస్తా ఎన్ని గోదాములు మారినదో, ఎన్ని వానలకు చెమ్మగిల్లినదో యది చెప్పజాలదు. ఏ సంవత్సరమున ఎన్నవ వారమున తయారైనదో బస్తాపై అచ్చుపడియే యుండును. 3 నెలలు దాటినదానిని మరల పరీక్షింపక వాడరాదు. చూచువారేరీ?

ఇనుప కడ్డీల గతి మరింత శోచనీయము. కర్మాగారమువారు కట్టకు పోత సంఖ్యగల చీటి తగిలింతురు. పరీక్షాపత్రమును ఆ సంఖ్యనుబట్టియే సరిచూడవలెను. చిల్లర వర్తకుడు కట్ట విప్పగనే చీటి చెత్తకుప్ప చేరును. రేపు కప్పు నెఱ్ఱెలు విచ్చినచో మేస్త్రిని దూషించుట తప్ప దారి యుండదు.

కడ్డీల పోత సంఖ్యను, సిమెంటు తయారైన వారమును రసీదుపై వ్రాయుట వర్తకులకు విధిగావింపవలెనని మేము ప్రభుత్వమును కోరుచున్నాము. అందాక, అట్టి రసీదు లేనిదే గృహస్థులు రొక్కము చెల్లింపకుందురు గాక.