బ్రేకు డిస్కుకు తుప్పు – నేరం సముద్రానిదేనా?

మన ఊళ్లో ఇనుముకు ఏ జబ్బు చేసినా సముద్రాన్ని తిట్టడం ఒక అలవాటు. కిటికీ చువ్వ పొట్టు రాలినా సముద్రమే, గేటు బందు ఊడినా సముద్రమే. చివరికి ఆరు నెలల కిందట మార్పించిన కారు బ్రేకు డిస్కు తుప్పు పట్టి, బ్రేకు నొక్కినప్పుడల్లా స్టీరింగు వణికినా సముద్రమే! విశాఖపట్నంలో ఉప్పు గాలి లేదని నేను అనబోవడం లేదు. కాని దాని మీద నేరం మోపేస్తే ఒక సౌకర్యం ఉంది. ఇక డిస్కు పోతపోసినవాణ్ణి అడగనక్కరలేదు, అమ్మినవాణ్ణి అడగనక్కరలేదు, బిగించినవాణ్ణీ అడగనక్కరలేదు. సముద్రం ఎలాగూ సంజాయిషీ ఇవ్వదు గదా! బయటి మార్కెట్టులో కొన్న డిస్కుల తుప్పు విషయంలో సముద్రం పాత్ర మనం అనుకుంటున్నదానికన్నా తక్కువనీ, మనుషుల పాత్ర ఎక్కువనీ నా అభిప్రాయం. ఇంజనీరింగు చదవని మిత్రులు రెండు మూడు పేరాలు ఓపిక పట్టాలి.

కారు చక్రం లోపలి వైపున, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెమే డిస్కు. మన షెడ్లలో డిస్కు ప్లేటు అంటారు. దానికి అటొకటి ఇటొకటి ప్యాడ్లు ఉంటాయి. పెడలు నొక్కితే అవి పళ్లేన్ని బిగించి పట్టుకుంటాయి. అంతే యంత్రం. అంబాసిడర్లు, పద్మినీలు రాజ్యమేలిన రోజుల్లో మనకు తెలిసినవి డ్రమ్ము బ్రేకులు. లోపల ఎంత తుప్పు ఉన్నా డ్రమ్ము దాన్ని కప్పిపెట్టేది. డిస్కుకు ఆ చాటు లేదు. అల్లాయ్ చక్రాల సందుల్లోంచి దాని గుట్టంతా వీధిన పడుతుంది.

ఈ పళ్లెం దాదాపు అన్ని కార్లలోనూ పోత ఇనుమే. అందులో నూటికి మూడు, మూడున్నర పాళ్లు కార్బన్ ఉంటుంది. ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం గ్రాఫైటు రేకులుగా పరచుకుని ఉండి వేడిని లాగేస్తుంది, కీచు చప్పుళ్లను మింగేస్తుంది. ఒకసారి క్లాసులో ఒక కుర్రవాడు లేచి, "సార్, నా బైకు డిస్కు ఎన్ని వానలకు తడిసినా మెరుస్తూనే ఉంటుంది. కారు డిస్కుకే ఎందుకు సార్ ఈ తుప్పు?" అన్నాడు. మంచి ప్రశ్న. బైకు డిస్కు సాధారణంగా స్టెయిన్‌లెస్ స్టీలు. బైకు తేలిక, డిస్కు పల్చన, గాలి నేరుగా తగులుతుంది, కనుక సరిపోతుంది. కారు లెక్క వేరు. 1200 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉండగా పూర్తిగా ఆపితే సుమారు 3 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్లను మరుగుకు తెచ్చేంత వేడి అది, అదీ నాలుగైదు సెకండ్లలో! ఇంత వేడిని చవకగా, పగలకుండా, అరవకుండా పుచ్చుకునే లోహాల్లో పోత ఇనుమును మించినది ఇంకా రాలేదు. బైకుల్లో వాడే ఆ జాతి స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని ప్రసరింపజేయడంలో దీనికి దాదాపు సగమే. కాబట్టి తుప్పు పట్టే గుణాన్ని తెలిసే ఒప్పుకున్నాం. అది తయారీదారు చేసిన మోసం కాదు.

ఇక తుప్పులో రెండు రకాలున్నాయి. రాత్రి వాన కురిసి తెల్లవారి చూస్తే డిస్కు పసుపు రాసి కుంకుమ అద్దినట్టు ఉంటుంది. మొదటిసారి కారు కొన్నవారు దాన్ని చూసి కంగారుపడి షోరూముకు ఫోను చేస్తారు. ఆ పూత నాలుగైదు సార్లు బ్రేకు వేసేసరికి ప్యాడ్లే తుడిచేస్తాయి. కంపెనీ డిస్కయినా, లోకల్ డిస్కయినా ఇందులో తేడా లేదు. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి కదలని కార్లది కొంచెం ముదిరిన వ్యవహారం. తడి పట్టుకున్న ప్యాడు కింద ఇనుము తినేసుకుపోయి, ప్యాడు ఆకారం డిస్కు మీద ముద్ర వేసినట్టు పడిపోయింది. కొన్నిటికి ప్యాడు డిస్కుకు అతుక్కుని, కారు కదిపేటప్పుడు టప్పున ఊడివచ్చింది. అదీ చాలా వరకు వాడకంలో సర్దుకునేదే.

రెండో రకం తుప్పు ప్యాడ్లు తుడవని చోట పడుతుంది. డిస్కు అంచు, మధ్యనున్న టోపీ భాగం, రెండు పలకల నడుమ గాలి ఆడే సందులు, అన్నిటికన్నా ముఖ్యంగా డిస్కు వెళ్లి హబ్బు మీద కూర్చునే చోటు. అంచున పెరిగిన తుప్పు పెచ్చు ఏడాదికేడాదీ లోపలికి జరిగి ప్యాడుకు దక్కే జాగా తగ్గిస్తుంది. గాలి సందులు పూడితే వేడి బయటికి పోదు. డిస్కు లోపలి ముఖం మనకు కనిపించదు గనుక, అక్కడ ఎంత పాడైనా పై ముఖం చూసి "బాగుంది" అనేస్తాం.

అసలు తయారీదారులు చాలామంది ఈ చోట్ల జింకు, అల్యూమినియం పొడి కలిసిన పల్చని పూత పూసి కాలుస్తారు. ప్యాడు రాసుకునే చోట ఆ పూత మొదటి కొద్ది బ్రేకులకే పోతుంది, పోవాలి కూడా. మిగతా చోట నిలుస్తుంది. చవక డిస్కుకు ఈ పూత ఉండదు. డబ్బాలో ఉన్నంతకాలం తుప్పు పట్టకుండా నూనె పట్టించి ఇస్తారు. బిగించే ముందు ఆ నూనె తుడిచేయాలి, లేకపోతే ప్యాడ్లు పాడవుతాయి. తుడిచిన క్షణం నుంచి ఆ ఇనుము దిగంబరమే! ఇంకొన్ని ఉన్నాయి, వాటికి కంటికి కనబడే మేర మాత్రం వెండి రంగు స్ప్రే కొడతారు. సందుల్లోకి వేలు పెట్టి చూస్తే పచ్చి ఇనుమే తగులుతుంది.

మా వీధిలో ఒకాయన ట్యాక్సీ నడుపుతాడు. అరకు బేరాలు ఎక్కువ. ముందు డిస్కులు అరిగిపోతే, కంపెనీ ధరలో సగానికి లోపే వస్తున్నాయని బయటి డిస్కులు వేయించాడు. నాలుగు నెలలకు అనంతగిరి ఘాటు దిగుతుంటే స్టీరింగు కొట్టుకోవడం మొదలైంది. కారులో చిన్నపిల్లలతో ఒక కుటుంబం ఉంది. రెండో గేరులో పాకించుకుంటూ శృంగవరపుకోట చేరాడట. మెకానిక్కు చూసి డిస్కు వంగిందన్నాడు. లేతు మీద పెట్టించి సాపు చేయించాడు. రెండు నెలలు బాగుంది. మళ్లీ మామూలే. మళ్లీ అదే రకం కొత్త జత. ఈసారి నేను కూడా షెడ్డుకు వెళ్లాను. "ఏటండి మాష్టారూ, ఈ ఊరి గాలికి ఇనుం నిలుస్తాదేటి?" అని మెకానిక్కు నవ్వాడు. చక్రం ఊడదీయించి చూస్తే డిస్కు కూర్చునే హబ్బు ముఖం మీద పాత తుప్పు పొరలు పొరలుగా ఉంది. దాని మీదే ఇంతకాలం కొత్త డిస్కులు బిగిస్తూ వచ్చారు. ఆ డిస్కులకేమో టోపీ లోపల పూత అన్నది లేదు. కాబట్టి రెండు వైపుల నుంచీ తుప్పు పెరిగింది.

విద్యార్థులు ఇక్కడ కాగితం తీసుకుని ఒక లెక్క వేయవచ్చు. హబ్బు ముఖం వ్యాసం 140 మిల్లీమీటర్లు, డిస్కు వ్యాసం 260 అనుకోండి. హబ్బు అంచున ఒకచోట 0.05 మిల్లీమీటరు తుప్పు పెచ్చు ఉంది. మన తలవెంట్రుక మందం కూడా అటూ ఇటూ అంతే. డిస్కు ఆ మేరకు వాలి కూర్చుంటుంది. దాని బయటి అంచున ఆ వాలు 0.09 దాటుతుంది. చాలా కార్లకు ఒప్పుకునే హద్దు 0.05 నుంచి 0.1 లోపు. అంటే ఒక్క పెచ్చుతో హద్దు దగ్గరికి వచ్చేశాం. ఇక కారు నడుస్తున్నంతసేపూ, బ్రేకు వేయకపోయినా సరే, డిస్కులో ఎత్తుగా ఉన్న చోటు ప్యాడును రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఆ చోటు అరిగి పలచబడుతుంది. మందంలో తేడా మిల్లీమీటరులో నూటికి రెండు వంతుల దాకా వస్తే చాలు, పెడలు కింద అడుగుకు, చేతిలో స్టీరింగుకు తెలిసిపోతుంది. దీన్నే షెడ్డులో "డిస్కు వంగింది" అంటారు. చాలాసార్లు అది వంగదు. వంకరగా కూర్చుని అరుగుతుంది.

లేతు పట్టించడంతో ఏమవుతుంది? డిస్కు ఇంకా పలచబడుతుంది. వేడిని పట్టే ఇనుము తగ్గుతుంది. హబ్బు మీద పెచ్చు ఎక్కడిదక్కడే ఉంటుంది కనుక వణుకు మళ్లీ వస్తుంది. ఘాటు రోడ్డు మీద, పలచబడ్డ డిస్కుతో, నీరు పీల్చుకున్న పాత బ్రేకు ఆయిలుతో దిగే బండి సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ రోజు మేం చేసిన పని చాలా చిన్నది. ఇనుప బ్రష్షుతోనూ, ఉప్పు కాగితంతోనూ హబ్బు ముఖాన్ని లోహం మెరిసేదాకా రుద్దాం. (ఉప్పు పెట్టిన తుప్పును ఉప్పు కాగితమే వదిలించింది!) డిస్కు బిగించి, డయల్ గేజీ పెట్టి ఒక చుట్టు తిప్పి చూశాం. గేజీ మాత్రం కాలేజీ నుంచి తీసుకెళ్లింది. ఆ షెడ్డులో లేదు. నేను చూసిన చాలా షెడ్లలో లేదు.

అయితే తప్పంతా మెకానిక్కుదేనా అంటే, నేను ఒప్పుకోను. హబ్బు శుభ్రం చేయడానికి పట్టే అరగంటకు కూలి ఇచ్చేవాడు ఎవడు? "డిస్కు మార్చడానికి ఇంత" అని బేరమాడి తగ్గించేది మనమే. ఇక మా సహోద్యోగులు కొందరు, "లోకల్ మాల్ ముట్టుకోకండి, ఒరిజినలే వాడండి" అని తేలిగ్గా సలహా ఇస్తారు. నెల జీతం వచ్చేవాళ్ల సలహా అది. ట్యాక్సీ వాయిదాలు కట్టుకునేవాడికి ఆ ధరలో తేడా అంటే పిల్లల ఫీజు. పైగా బయటి సరుకంతా చెడ్డదనడం అబద్ధం. కార్ల కంపెనీలకు బ్రేకు సామాను సరఫరా చేసే సంస్థలే తమ సొంత పేరుతో విడిగా కూడా అమ్ముతాయి. వాటిలో పూత ఉన్నవి దొరుకుతాయి. కంపెనీ డిస్కులన్నిటికీ పూత ఉంటుందన్న హామీ కూడా లేదు.

నా ఫిర్యాదు పేరు లేని సరుకు మీద. డిస్కును తిప్పి చూస్తే పోసినవాడి పేరు ఉండదు, బ్యాచి నంబరు ఉండదు. ఎంత వరకు అరిగితే పారేయాలో చెప్పే కనీస మందం కూడా అచ్చుపడి ఉండదు. ఆ ఒక్క అంకె లేకపోతే లేతువాడికి ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? యూరప్‌లో 2016 నవంబరు నుంచి కొత్తగా ఆమోదం పొందే కార్ల రకాలకు బయట అమ్మే డిస్కులు కూడా పరీక్ష నెగ్గాలి. తయారీదారు పేరు, కనీస మందం వాటి మీద ఉండాలి. మన దేశంలోనూ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, భద్రతకు కీలకమని ప్రకటించిన విడిభాగాలను ప్రమాణాలు లేకుండా అమ్మితే ఒక్కోదానికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ అన్నారు. చట్టం పుస్తకంలో ఉంది. దుకాణం గల్లా దగ్గర మాత్రం, "ఒరిజినలా, లోకలా?" అన్న ప్రశ్నతోనే భద్రత చర్చ ముగుస్తుంది. బిల్లు అడిగితే ఇంకో ధర చెబుతారు.

ఇది తగ్గే సమస్య కాదు. విద్యుత్ కార్లు వస్తున్నాయి. వాటిలో వేగం తగ్గించే పని చాలా భాగం మోటారే చేసి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. బ్రేకు డిస్కుకు పని తగ్గింది, పని తగ్గితే తుడుపు తగ్గింది, తుప్పు పెరిగింది. ఫోక్స్‌వాగన్ వాళ్లు 2020లో తెచ్చిన ఐడీ.3 కారుకు వెనక చక్రాలకు తిరిగి డ్రమ్ములే పెట్టారు. తుప్పు బెడద తగ్గుతుందన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. పాత కాలపు డ్రమ్ము ఇలా మళ్లీ తలుపు తడుతుందని మా తరం అనుకోలేదు.

ఇక మన కాలేజీ సంగతికి వస్తాను. ఏటా ఫైనలియర్ ప్రాజెక్టులు చూస్తున్నాను. బయట కొని తెచ్చి, పేర్లు మార్చి సమర్పించేవి ఎన్నో వాటిని తెచ్చినవారికీ తెలుసు, మార్కులు వేసే మాకూ తెలుసు. ఉప్పు నీటి తుంపర పెట్టె ఒకటి మన వర్క్‌షాపులోనే తయారు చేసుకోవచ్చు. నూటికి అయిదు పాళ్ల ఉప్పు ద్రావణం, 35 డిగ్రీల వేడి, గాలి ఒత్తిడికి ఒక కంప్రెసరు. ఊళ్లో అమ్మే డిస్కులు అయిదారు రకాలు కొని, ముక్కలు కోసి, పక్కపక్కన అందులో పెట్టండి. ఆ పెట్టెలో ఇన్ని గంటలు నిలిచింది కనుక రోడ్డు మీద ఇన్నేళ్లు నిలుస్తుందని చెప్పడానికి వీల్లేదు. పక్కపక్కన పెట్టినవాటిలో ఏది ముందు పోయిందో చూడటానికి మాత్రం పనికొస్తుంది. దానికి తోడు కొన్ని ముక్కలు మన మేడ మీద ఒక వర్షాకాలమంతా వదిలేసి, నెలనెలా తూచండి. డిట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన పూర్వ విద్యార్థులు ఈ సంచిక చదువుతూ ఉంటారు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశం కాబట్టి ఈ తుప్పు వారికి మనకన్నా ఎక్కువ పరిచయం. అక్కడ వాడి పారేసిన డిస్కుల ఫొటోలు, కొలతలు పంపినా మనకు పాఠమే.

ఫలితాలు వచ్చాక ఇంగ్లీషులో పేపరు రాసుకోండి, వద్దనను. కాని ముందు ఒక పేజీ తెలుగులో అచ్చువేసి ఊళ్లో షెడ్లకు పంచాలి. డయల్ గేజీలు మన ల్యాబు బీరువాలో ఆరున్నాయి, అయస్కాంతపు స్టాండ్లు నాలుగు. నెలకొక శనివారం మధ్యాహ్నం వాటిని బయటికి తీసి, ఏ ట్యాక్సీ డ్రైవరు వచ్చినా ఉచితంగా కొలిచి చెప్పే ఏర్పాటు చేయమని విద్యార్థి సంఘాన్ని కోరుతున్నాను. బీరువా తాళంచెవి ఇప్పించే పూచీ నాది.