తనంతట నిలుచు ఊతకఱ్ఱ



సైకిలునకు స్టాండు కలదు. ఎద్దులను విప్పిన బండికి నొగక్రింద ఆనించు ఊతకొయ్య కలదు. కాని మన యిండ్లలోని వృద్ధులయొక్కయు, అవిటివారియొక్కయు చేతికఱ్ఱకు మాత్రము నిలుచుటకు నెలవు లేదు. గోడకు చేరవేసినచో జారును. మంచమునకు ఆనించినచో దొరలును. పడిన కఱ్ఱను వంగి తీసికొనగలవారికి ఇది చిన్న విషయము. వంగలేనివారి మాటయేమి? ఆ ప్రశ్నయే నన్నీ నెల ఎరువుల సంగతి విడిచి కఱ్ఱను గూర్చి వ్రాయునట్లు చేసినది.

కలిగిరికి చేరువనున్న యొక మెట్టగ్రామమున మా మేనత్త కాపురమున్నది. ఆమె నడుము బిగిసికొనిపోయి పదునైదేండ్లయినది. మెడ త్రిప్పవలెనన్న మేనంతయు త్రిప్పవలెను. నేలమీది వస్తువు కావలెనన్న ఇంకొకరిని పిలువవలెను. గడచిన వేసవిలో ఒకనాడు ఇంటివారందఱును పనులపై వెడలిన వెనుక, ఆమె దూడకు గడ్డి వేయుటకు పసులకొట్టములోనికి పోయి కఱ్ఱను గుంజకు ఆనించెను. దూడ కదలెనో, గుంజయే నున్నగా నుండెనో, కఱ్ఱ జారి కాళ్లవద్ద పడెను. ఆమె గుంజను పట్టుకొని ప్రొద్దెక్కినది మొదలు మిట్టమధ్యాహ్నమువఱకు అట్లే నిలుచుండెను. నేనాదారిని పోవుచు లోనికి తొంగిచూచి, "అదేమత్తా, కఱ్ఱ నీ కాళ్లకాడే ఉందిగదా!" అంటిని. "ఉంది నాయనా. బావి అడుగున పడిన చెంబు కూడా కంటికి కనపడతానే ఉంటది" అని ఆమె బదులు చెప్పెను.

ఊరూర తిరిగి, పొలములో పాత పద్ధతిని క్రొత్త పద్ధతిని ప్రక్కప్రక్కన పెట్టి రైతులకు చూపుటయే నా వృత్తి. పరుల చేలలోని లోపములను వెదకుచు ఇన్నాళ్లు తిరిగిన నాకు, నా యింటిమనిషి చేతిలోని కఱ్ఱ లోపము కనబడకపోవుట ఆనాడు మిక్కిలి సిగ్గు కలిగించినది.

ఇది మా అత్త యొక్కతె కష్టము కాదు. నీటిలో ఫ్లోరైడు మితిమీరుటచే ఎముకలు, కీళ్లు బిగియు వ్యాధిని మన దేశమున మొట్టమొదట వైద్యులు గుర్తించినది మన ప్రాంతముననే. 1937లో షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును నెల్లూరు జిల్లాలోని రోగులను పరీక్షించి ఆ సంగతిని ప్రకటించిరి. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడకముందు కనిగిరి, పొదిలి ప్రాంతములు మన జిల్లాలోనివే. వైద్యులకంటె ముందే దుక్కియెద్దులు కాళ్లు బిగిసి నడువలేకపోవుటను రైతులు కనిపెట్టిరని కూడ చెప్పుదురు. ఉదయగిరి వైపు మెట్టగ్రామములలోను ఈ పీడ కలదు. కఱ్ఱ దీనికి మందు కాదు. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు లేకుండ చూచుకొనుటయే మొదటి పని. దానిని ఏ కఱ్ఱయు తీర్పజాలదు. అయినను ఇదివఱకే వెన్ను బిగిసినవారు, పక్షవాతముచే ఒక ప్రక్క పడిపోయినవారు, మోకాళ్లు అరిగినవారు ప్రతి యూరను కలరు. వారికి పడిన కఱ్ఱ పోయిన కఱ్ఱతో సమానము. దానికై వంగబోయి తూలిపడి తుంటియెముక విఱిగినచో మంచము పట్టుటయే గాక, ఇంటిలోని మఱియొక పనిమనిషిని గూడ మంచమునకు కట్టివేసినట్లగును.

నేను వెంటనే కమ్మరివద్దకు పోయి, కఱ్ఱ మొదట నాలుగు ఇనుపకాళ్లు అతికించి తెచ్చితిని. కొలిమివాని చదునైన బండపై అది చక్కగా నిలిచినది. మా అత్త వాకిట పెట్టగానే ఒక కాలు గాలిలో తేలినది. ఆమె బరువు మోపగానే అది టక్కున ఒకవైపునకు ఒరగినది. నేను పట్టుకొనకున్నచో పడియుండెడిది. "కాలునొచ్చిన గొడ్డు మాదిరి ఒక కాలు ఎత్తిపెట్టి నిలబడతా ఉందే ఇది! పొయ్యికి రాళ్లు ఎన్ని పెడతారు నాయనా?" అని ఆమె యడిగెను. ఆ మాటతో నా కన్నులు తెఱవబడినవి. ఎగుడుదిగుడు నేలపైనను మూడు రాళ్ల పొయ్యిమీద కుండ ఊగదు. ముక్కాలిపీట ఏ వాకిటను ఊగదు. నాలుగుకాళ్ల పీటకు చదునైన నేల కావలెను. ఏ మూడు బిందువులైనను ఒకే తలమున నుండును; నాలుగవది ఆ తలమున నుండవలెనను నిర్బంధము లేదు. ఈ సూత్రము నేను బడిలో చదివితిని, ఆమె పొయ్యివద్ద నేర్చినది.

కాని మూడుకాళ్లు పెట్టినంతమాత్రమున పని తీరలేదు. ఊగకుండుట వేఱు, ఒరగినను పడకుండుట వేఱు. కఱ్ఱను వ్రేలిపై అడ్డముగా పెట్టినచో ఒకచోట తూగును. దానినే గరిమనాభి యందురు. అచ్చటినుండి వ్రేలాడదీసిన దారము కాళ్ల నడుమనున్న త్రికోణములో పడునంతవఱకే కఱ్ఱ నిలుచును. 36 అంగుళముల కఱ్ఱకు గరిమనాభి నడిమధ్య, అనగా 18 అంగుళముల యెత్తున, ఉన్నదనుకొందము. మూడు కాళ్లును నడుమనుండి 3 అంగుళముల దూరమున నున్నచో త్రికోణపు అంచు నడుమకు 1½ అంగుళము దూరముననే యుండును. అనగా నేల 12 అంగుళములకు 1 అంగుళము వాలినంతవఱకే అది నిలుచును. అవే కొలతలతో నాలుగు కాళ్లు చదరముగా నున్నచో అంచు 2 అంగుళములకు కొంచెము పైగా దూరమగును. కావున సిమెంటు నేలపై నాలుగుకాళ్లదే మేలు. మూడుకాళ్లదానికి అడుగున ఇనుము చేర్చి, పైభాగమును సన్నగా చెక్కి, గరిమనాభిని 12 అంగుళములకు దించినచో 8 అంగుళములకు 1 అంగుళపు వాలును గూడ ఓర్చుకొనును. బరువు మితిమీరినచో చేయి నొచ్చును. కాళ్లను మిక్కిలి వెడల్పు చేసినచో నడుచువాని పాదమే తట్టుకొనును. మూడవకాలు బయటివైపు చూచునట్లు పట్టుట మఱవరాదు.

ఇఁక కొలత. మనిషి చెప్పులతో నిటారుగా నిలిచి చేయి జాఱవిడిచినపుడు మణికట్టు ముడుత ఎంత యెత్తున నుండునో కఱ్ఱపిడి అంత యెత్తున నుండవలెను. అప్పుడు పిడిపై చేయి వేసినచో మోచేయి కొద్దిగా వంగియుండును. ఇంతకంటె ఎత్తైనచో భుజము ఎగయును, పొట్టిదైనచో నడుము ఒరగును. ఒక కాలు మాత్రమే నొచ్చువారు కఱ్ఱను రెండవవైపు చేత పట్టవలెను; నొచ్చుకాలివైపే పట్టుట మనవారు తఱచు చేయు పొరపాటు. చంకకఱ్ఱ వాడువారు దాని తలను చంకకు రెండుమూడు వ్రేళ్లు దిగువగా నుంచి, బరువును చేతులపై మోపవలెను. చంకలో మోపినచో నరములు నొక్కుకొని చేయి చచ్చుపడ వచ్చును. కాళ్ల చివరలకు పాత టైరుముక్కలైనను తొడుగవలెను. అవి అరిగి నున్ననైనపుడు మార్చవలెను.

నిలుచు కఱ్ఱ అందఱికిని తగునని నేననను. దానిని ప్రతి అడుగునకు మూడుకాళ్లును ఒక్కసారి నేల తాకునట్లు పెట్టవలెను. తొందరనడకవారికి అది అడ్డు. పొలము గట్టుమీద దానికి చోటు చాలదు. బురదలో ప్రతి కాలును మట్టిని మోయును. కావున ఇంటికి, వాకిలికి, కొట్టమునకు నిలుచు కఱ్ఱయు, గట్టునకు మామూలు కఱ్ఱయు ఉండుట మేలు. ఆ మామూలు కఱ్ఱకైనను పిడివద్ద ఒక త్రాటి ఉచ్చు కట్టి ముంజేతికి తగిలించుకొనవచ్చును. మంచమువద్దను, కొట్టములోను నడుమెత్తున ఒక పంగలకొయ్య పాతవచ్చును. ఇందులకు ఖర్చు లేదు. నేటి సాయంకాలమే చేయవచ్చును.

"ప్రభుత్వము ఇచ్చుచుండగా మనకేల ఈ శ్రమ?" అని కొందఱనిరి. నిజమే. 60 ఏండ్లు నిండిన పేదలకు సహాయోపకరణములిచ్చు రాష్ట్రీయ వయోశ్రీ పథకము 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే ప్రారంభమయ్యెను. చేతికఱ్ఱ, మోచేతికఱ్ఱ, నడకబండి, వినికిడి యంత్రము, కండ్లద్దములు మొదలగువానితోపాటు మూడుకాళ్ల కఱ్ఱ, నాలుగుకాళ్ల కఱ్ఱ కూడ ఆ పట్టికలో కలవు. వికలాంగులకు ఉపకరణములిచ్చు పథకము వేఱుగా 1981 నుండి కలదు. కాని మన పెద్దలు శిబిరమునకు పోయి ఏది యిచ్చిన దానిని కండ్లకద్దుకొని తెచ్చుకొందురు. విత్తనపు అంగడిలో రకము పేరు చెప్పి అడుగు రైతు, తల్లికి కావలసిన కఱ్ఱ విషయమున నోరెత్తడేల? మా వాకిలి మట్టిదా, సిమెంటుదా? ఆమె వంగగలదా, లేదా? ఈ రెండు సంగతులను తెలిసికొని, "మాకు మూడుకాళ్లది కావలెను", లేక "నాలుగుకాళ్లది కావలెను" అని యడుగవలెను. అడుగనివానికి చేతికందినదే దక్కును.

పథకములకు అర్హత కుదురనివారికిని, వచ్చిన కఱ్ఱ పొసగనివారికిని మన వడ్రంగులు కలరు. 1968లో జయపురమున రామచంద్రశర్మ యను శిల్పియు, సేఠీ యను వైద్యుడును కలిసి కృత్రిమపాదమును నిర్మించిరి. చెప్పులు లేక నడచుటకు, గొంతుకూర్చుండుటకు, బురదలో దిగుటకు వీలైన పాదము మనవారికి కావలెనని తలచి చేసినందుననే అది లక్షలమందికి పనికివచ్చినది. మనకును ఉదయగిరియున్నది. కొండ అడవులలోని నర్ది, బిక్కి మొదలగు కొయ్యలతో గరిటెలు, చెంచాలు చెక్కు ఆ యూరి పనివారల నేర్పు భౌగోళిక గుర్తింపును గూడ పొందినది. చేతికి ఒదుగు గరిటెపిడి చెక్కగల చేతికి కఱ్ఱపిడి చెక్కుట కష్టమా? వారికి కావలసినది మన కొలతలు, మన వాకిళ్ల తీరు మాత్రమే.

కావున సంఘసభ్యుల యెదుట నేను మూడు మాటలు పెట్టుచున్నాను. మొదటిది: మందుకొట్టు యంత్రములను సభ్యులు వంతులవారీగా వాడుకొన్నట్లే, మూడుకాళ్లది ఒకటి, నాలుగుకాళ్లది ఒకటి సంఘమున నుంచి, కావలసినవారికి పదునైదు దినములు ఎరువీయవలెను. తమ వాకిట వాడి చూచిన పిమ్మటనే కొనుటయో, అడుగుటయో చేయుదురు. రెండవది: ఒక వడ్రంగిని, ఒక కమ్మరిని కూర్చి, వాడువారు చెప్పిన లోపములను దిద్దుచు మన నేలకు తగిన నమూనాను చేయింపవలెను. మూడవది: ఆ నమూనాను నిర్ణయించువారిలో కఱ్ఱ పట్టినవారే సగముమంది యుండవలెను. నా నాలుగుకాళ్ల కఱ్ఱను తప్పని తేల్చినది కమ్మరి బండ కాదు, మా అత్త పాదము.

"సంఘము పంటలకు గాని కఱ్ఱలకు కాదు" అని యొక పెద్దరైతు నాతో వాదించెను. నేనాయనను, "మీ పొలమున ఎకరమునకు ఎన్ని మూటలు పండినను, మీ తండ్రిగారు కొట్టములో నిలుచుండిపోయిన పూట ఆ లెక్క ఎవరికి చెప్పుదురు?" అని యడిగితిని. ఒక్కని వల్ల కాని పనిని పదిమంది కలిసి చేయుటయే సహకారము. నిలువలేని మనిషికి కఱ్ఱయు, నిలువలేని కఱ్ఱకు కాళ్లును సమకూర్చుట అందులో చేరకున్నచో మఱేది చేరును?

ఇప్పుడు మా అత్త మూడుకాళ్ల కఱ్ఱతో కొట్టములోనికి పోవుచున్నది. దానికి ఇంకను లోపములు కలవు. ఒక కాలి టైరుముక్క ఊడుచున్నది. దూడ తన్నినచో అదియు పడును. అందువలన గుంజకు పంగలకొయ్య కూడ కట్టితిని. అయినను ఆమె గడ్డి వేయునపుడు కఱ్ఱ తన ప్రక్కన తానే నిలిచియుండుట చూచినపుడు, ఏ ప్రదర్శనక్షేత్రమునందును కలుగని తృప్తి నాకు కలిగినది. ఈ సంచిక చదివిన ప్రతి సభ్యుడును ఈ రాత్రి తన యింటిలోని పెద్దల కఱ్ఱ ఎచ్చట ఆనించియున్నదో ఒక్కసారి చూచుకొనునుగాక. వచ్చు సభలో ఆ సంగతియే మాటలాడుకొందము.