కౌన్సెలరుకు చదువెందుకు?

"కౌన్సెలర్" అన్న మాటకు తెలుగు చెప్పమంటే మనలో చాలామంది "సలహాదారు" అంటారు. నా మట్టుకు నాకు ఇంతకంటే అపార్థానికి తావిచ్చే అనువాదం మరొకటి కనబడదు. మద్యానికో, మత్తుమందుకో లోబడిపోయిన మనిషి ఎదుట కూర్చున్న కౌన్సెలరు చేయకూడని మొదటి పని సలహా ఇవ్వడం. సలహాలు అతనికి కొత్త కావు. భార్య చెప్పింది, మామగారు చెప్పారు, సారా దుకాణం పక్కన బడ్డీకొట్టు నడిపే పెద్దాయన కూడా చెప్పాడు. "తాగుడు మానెయ్యి నాయనా, సంసారం గుల్లైపోతుంది" అన్న మాటను ఏ తాగుబోతూ కౌన్సెలరు నోట మొదటిసారి వినడు. అయినా ఆ మాటనే కాస్త గంభీరమైన కంఠంతో, బల్లకు అవతల కూర్చుని, నెలకు ఇన్ని వేలని పుచ్చుకుని చెప్పడమే కౌన్సెలింగు అనుకునే కేంద్రాలు మన పట్టణాలలో ఉన్నాయి. సలహాదారని పేరు పెట్టాక ఆయన మాత్రం ఇంకేం చేస్తాడు?

పేరు గొడవ అలా ఉంచి అసలు విషయానికి వస్తాను. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి, కూర్చునేముందు ఏం నేర్చుకుని ఉండాలి అన్నది నా ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఇది డిగ్రీ తరువాత చదవవలసిన చదువు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులతో గడిపిన గంటలను లెక్కగట్టే చదువు. మన ప్రాంతం వరకు తెలుగులో సాగవలసిన చదువు. ఈ మూడో అంశం మీద నాకు పట్టుదల ఎక్కువ.

ఇటువంటి చదువుకు అమెరికాలో పాత చరిత్రే ఉంది. అంగవైకల్యం కలిగిన పౌరులకు తిరిగి ఉపాధి చూపడానికి 1920లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఆ పని చేయడానికి శిక్షణ పొందిన మనుషులు కావాలని గుర్తించి, 1954 నాటి చట్టంతో విశ్వవిద్యాలయాలకు నిధులివ్వడం మొదలుపెట్టారు. రిహాబిలిటేషన్ కౌన్సెలింగులో మాస్టర్స్ పట్టాలు అలా విస్తరించాయి. వ్యసన చికిత్స కూడా చాలాచోట్ల ఆ శాఖల నీడలోనే పెరిగింది. ఈనాడు అక్కడి గుర్తింపు సంస్థ 'కేక్రెప్' నియమాల ప్రకారం విద్యార్థి 60 క్రెడిట్లు చదవాలి. తొలి విడతగా 100 గంటలు, ఆపైన 600 గంటలు క్షేత్రంలో పనిచేయాలి. ఆ 600లో కనీసం 240 గంటలు రోగులతో ముఖాముఖిగా గడపాలి. వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది వారం వారం జరిగే పర్యవేక్షణ. విద్యార్థి సంభాషణను రికార్డు చేసి గురువు వింటాడు. "ఇక్కడ అతను ఏడవబోయాడు, నువ్వు మాట మార్చావు, ఎందుకు?" అని అడుగుతాడు. మన సంగీత విద్వాంసులు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని గమకం దిద్దే పద్ధతి ఇదే కదూ!

అక్కడ మాత్రం అంతా సవ్యంగా ఉందనుకోకండి. వ్యసన కౌన్సెలరుకు కావలసిన అర్హతలు రాష్ట్రానికో తీరుగా ఉన్నాయి. మాస్టర్స్ మాట దేవుడెరుగు, కొన్నిచోట్ల కళాశాల డిగ్రీ కూడా అడగరు. అయితే వాదించుకోవడానికి అక్కడ ఒక కొలబద్ద ఉంది.

మన దేశంలో 'పునరావాసం' అనగానే ముందు స్ఫురించేది ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళు. ఆ తరువాత వికలాంగులు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం 1992లో వచ్చింది. పునరావాస కౌన్సెలర్లు అనే వర్గం దాని పరిధిలో ఉంది కానీ, ఆ చట్టం చూపు వైకల్యం మీద. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వ్యసనం లేదు. మరోవైపు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక రుగ్మత నిర్వచనంలోకి తెచ్చింది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది కూడా. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం హెచ్.ఐ.వి. కౌన్సెలరును, కుటుంబ నియంత్రణ కౌన్సెలరును పేరు పెట్టి పిలిచింది. వ్యసన కౌన్సెలరు మాత్రం ఆ చట్టాల మధ్య సందులో నిలబడి ఉన్నాడు. సికింద్రాబాదులో మానసిక వికలాంగుల కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఎందరో ఉపాధ్యాయులను తయారుచేసింది. వ్యసన చికిత్సలో ఆ స్థాయి శిక్షణ కావాలంటే మన పిల్లలు బెంగుళూరు నిమ్హాన్స్ వైపో, గాజియాబాదులోని ఎయిమ్స్ కేంద్రం వైపో చూడాలి.

పనికి కొరత ఉందా అంటే, ఎయిమ్స్ వారు 2019లో వెలువరించిన జాతీయ సర్వే ఒక్కటి చాలు. దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు. మద్యంవల్ల చికిత్సో సహాయమో అవసరమయ్యే స్థితికి చేరినవారు 5.7 కోట్ల పైమాట. మద్యానికి పూర్తిగా లోబడిన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందిందని చెప్పినవాడు ఒక్కడు. మిగిలిన ముప్పైయేడుగురూ ఏ దారి పట్టి ఉంటారో మన వీధుల్లో నడిచేవారికి చెప్పనక్కరలేదు.

చదువెందుకన్న ప్రశ్నకు మా ఇంట్లోనే ఒక జవాబుంది. మా పెద్దమ్మగారి అల్లుణ్ణి కోస్తాలోని ఒక పట్టణంలో, పేరు అనవసరం, ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చారు. ఇరవయ్యేళ్ళ తాగుడును ఆ పూటే ఆపించారు. మూడోరాత్రి అతను గోడమీద లేని పురుగులను ఏరడం మొదలుపెట్టాడు. చనిపోయిన తండ్రితో మాట్లాడాడు. ఒళ్ళంతా చెమట, వణుకు. అక్కడి కౌన్సెలరు ఒకప్పుడు తాగి మానేసినవాడు, మనసు మంచిది. ఆయన చూసి, "ఇంటికి పోవడానికి నాటకాలాడుతున్నాడమ్మా, పట్టించుకోకండి" అని గది గడియ పెట్టించాడు. మా అక్క వినకుండా ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. బతికాడు.

దీర్ఘకాలం తాగిన మనిషి ఒక్కసారిగా మానితే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇటువంటి సన్నిపాతం రావచ్చు. ఇది ప్రాణం తీయగలదు. మందివ్వడం వైద్యుని పని. ఇది నాటకం కాదని గుర్తుపట్టి ఆ అర్ధరాత్రి వైద్యుణ్ణి పిలవడం మాత్రం అక్కడున్న కౌన్సెలరు పని. ఆయనకు దయ లేక కాదు, ఎవరూ నేర్పక అలా జరిగింది.

దీనికి రెండు అభ్యంతరాలు వినబడతాయి. తాగి మానినవాడికే తాగేవాడి బాధ తెలుస్తుంది, పుస్తకాలు చదివినవాడికేం తెలుస్తుందన్నది మొదటిది. ఇందులో సత్యముంది. 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ ఆ సత్యం మీదనే నిలబడింది. మద్యపానంవల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో టీటీకే సంస్థను నెలకొల్పారు. దుఃఖంలోంచి పుట్టిన ఆ సంస్థ శిక్షణను, శిక్షణ గ్రంథాలను పట్టించుకున్నందువల్లే నిలిచిందని నేననుకుంటాను. తాను నడిచిన దారి ఒక్కటే దారి అనుకోవడం అనుభవజ్ఞునికి పొంచి ఉన్న ప్రమాదం. తన మూర్ఛ తనకు రాలేదు గనక ఎదుటివాడిది నాటకమయింది.

రెండో అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. గోవాలో సామాన్య యువతీయువకులకు శిక్షణనిచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో తాగుడు సమస్య ఉన్న పురుషులతో కొద్ది విడతలు మాట్లాడించారు. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నెలల తరువాత ప్రమాదకర స్థాయినుంచి బయటపడినవారు మామూలు చికిత్సలో 26 శాతమైతే, ఈ పద్ధతిలో 36 శాతం. మరి పీజీలెందుకు? నేను చదివినంతలో ఆ ప్రయోగంలోనే జవాబుంది. అక్కడ చేర్చుకున్నవారు హానికరంగా తాగేవారు, ఇంకా పూర్తిగా లోబడినవారు కారు. ఆ యువకులు చేసిన సంభాషణలను తోటివారూ నిపుణులూ విని మార్కులు వేశారు. అంటే సామాన్యులు ఆ పని చేయాలన్నా, వెనుక వినే చెవి ఒకటి కావాలి. జిల్లాకు నలుగురైనా అటువంటి చెవులున్నవారు లేనిదే ఊరూరా కార్యకర్తలను దింపి ప్రయోజనమేమిటి?

విని దిద్దడం ఎంత ముఖ్యమో మరో పరిశోధనా చెబుతుంది. మనిషిలోని మార్పుకోరికను అతని నోటనే పలికించే సంభాషణ పద్ధతిని విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించాడు. దాన్ని నేర్పడమెలాగో పరీక్షించి 2004లో ఆయన బృందమే ప్రకటించింది. రెండ్రోజుల వర్క్‌షాపులో వచ్చిన నేర్పు కొద్ది నెలల్లో సన్నగిల్లింది. టేపులు విని దిద్దుతూ వచ్చినవారిలో నిలిచింది. మన దగ్గర జాతీయ సాంఘిక రక్షణ సంస్థ వంటివి నడిపే స్వల్పకాలిక శిక్షణలు లేవని కాదు, ఉన్నందుకు సంతోషమే. ధ్రువపత్రంతో పాటు దిద్దే గురువును కూడా ఇంటికి పంపితే ఇంకా సంతోషిస్తాను.

ఇక తెలుగు సంగతి. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీకల్లు మీద దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం వందల సంఖ్యలో వచ్చారు. వింత చేష్టలు, మూర్ఛలు, నిద్రలేమి. వారిని పట్టుకున్నది తాటిచెట్టు రసం కాదు. అందులో కలిపిన అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్. ఒక్కసారిగా అవి అందకపోయేసరికి శరీరం తిరగబడింది. మద్యం, హెరాయిన్ చుట్టూ తిరిగే విదేశీ పాఠ్యగ్రంథం చదివిన కౌన్సెలరు, "రోజూ రెండు సీసాల కల్లేనమ్మా" అన్న ముసలమ్మను చూసి తక్కువ తాగుతోందని రాసుకుంటాడు. ఏ కాంపౌండు కల్లు, కల్లు లేని రోజు నిద్ర ఎలా ఉంటుంది అని అడగడం ఇక్కడి పాఠ్యప్రణాళికలో ఉండాలి.

అదేవిధంగా నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుతూ సారా మీద తిరగబడిన స్త్రీల కథ కూడా. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఇన్ని మలుపుల్లో దుకాణం తెరవాలా మూయాలా అన్న చర్చే సాగింది. మూసిన మర్నాడు వణికే చేతులకు ఎవరు దిక్కన్న మాట వినబడింది చాలా తక్కువ. మన కౌన్సెలరు ఆ చరిత్ర తెలిసినవాడు కావాలి. ఎదుట కూర్చున్న భార్య ఒకనాటి ఆ ఉద్యమంలో చీపురు పట్టి నడిచినదై ఉండవచ్చు.

మాటల విషయానికొస్తే, ఇంగ్లీషులో క్రేవింగ్ అన్నదాన్ని మన పుస్తకాలు "తీవ్రవాంఛ" అంటాయి. ఏ తాగుబోతైనా "తీవ్రవాంఛ కలుగుతోందండీ" అంటాడా? "నాలుక పీకేస్తోంది" అంటాడు. ఆ మాట వినగానే పుస్తకంలోని అధ్యాయం తటాలున గుర్తొచ్చేలా చదువు చెప్పాలంటే ఆ చదువు తెలుగులో ఉండాలి. పర్యవేక్షించే గురువు కూడా తెలుగు టేపునే వినాలి. సంభాషణనంతా ఇంగ్లీషులో రాసుకొచ్చి చూపే పద్ధతిలో, సరిగ్గా దిద్దవలసిన చోటే చెరిగిపోతుంది.

జీతం మాట ఎత్తకపోతే ఇదంతా గాలిమేడ. రెండేళ్ళు చదివి, వందల గంటలు వార్డులో గడిపినవాడికి కొత్త గుమాస్తా జీతమిస్తే ఏడాది తిరక్కుండా ఏ బహుళజాతి సంస్థ హెచ్.ఆర్. విభాగానికో వెళ్ళిపోతాడు. మన విశ్వవిద్యాలయాలలోని సోషల్ వర్క్, సైకాలజీ శాఖలు, విశాఖ, ఎర్రగడ్డ మానసిక వైద్యాలయాలు చేయి కలిపితే కొత్త భవనమేదీ అక్కరలేదు, రెండు రాష్ట్రాలకూ చెరో కోర్సు నడుస్తుంది. కావలసినది మంజూరైన పోస్టులు, ఆ పట్టా లేనిదే ఆ పేరు పెట్టుకోరాదన్న నియమం.

ఈలోగా మనబోటివాళ్ళం చేయగలిగింది ఒకటుంది. తాగుడుకు, మానినప్పటి బాధకు, మళ్ళీ మొదలెట్టడానికి మీ మీ ఊళ్ళలో వాడే మాటలను కింద వ్యాఖ్యల్లో రాయండి. శ్రీకాకుళంవారివి, పాలమూరువారివి, రాయలసీమవారివి నాకు ప్రత్యేకంగా కావాలి. "పీకడం" దగ్గర మొదలుపెట్టి ఇప్పటికి పదకొండు మాటలు పోగుచేశాను.