తలుపు తీసి, గది దాటి...

ఈ సంచికను విద్యార్థి చిత్రాలకు కేటాయించాం. షాటుకు షాటు అతకడం వాళ్లు ఎలా నేర్చుకుంటారన్నదే ఇందులో మా ఆసక్తి.

బ్రిటన్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు మీడియా స్టడీస్ విద్యార్థులకు ఏళ్ల తరబడి ఒక చిన్న అభ్యాసం ఇచ్చేది. ఒకరు తలుపు తీసుకుని లోపలికి రావాలి, గది దాటి ఇంకొకరి ఎదురుగా కూర్చోవాలి, రెండు మాటలు మాట్లాడుకోవాలి. అంతే. మ్యాచ్ ఆన్ యాక్షన్, మాట్లాడే ఇద్దరినీ మార్చి మార్చి చూపే షాట్-రివర్స్ షాట్, 180 డిగ్రీల నియమం అందులోనే చూపించాలి.

చూడటానికి తేలికే. కానీ వైడ్ షాట్‌లో కుడిచేత్తో గడియ తీసి, క్లోజప్‌లో ఎడమచెయ్యి పెడితే ఎడిటర్ చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే ఆ కదలిక మొత్తాన్ని రెండు షాట్లలోనూ మొదటినుంచీ చేయించి తీయాలి. చెయ్యి కదులుతుండగానే కట్ పడితే కన్ను ఆ చెయ్యి వెంటే పోతుంది, అతుకు తెలియదు. మ్యాచ్ ఆన్ యాక్షన్ అంటే ఇదే. ఇక 180 డిగ్రీల నియమం తప్పి కెమెరా ఇద్దరినీ కలిపే ఊహాగీతను దాటిందా, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒకే వైపు చూస్తున్నట్టుంటారు.

మన దగ్గర షార్ట్‌ఫిల్మ్ తీయాలనుకునే పిల్లలు కథ జోలికి వెళ్లకముందే ఈ పని చేసి చూడాలని మా గట్టి కోరిక. ఫోన్ కెమెరా చాలు. తీసినవాళ్లే ఎడిటింగ్‌కూ కూర్చోవాలి.